ఒకే తెర టీవీగా, మానిటర్‌గా: మీ అమ్మాయి చదువుకు సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. తన 14 అంగుళాల ల్యాప్‌టాప్ మీద గంటల తరబడి కోడ్ రాయడం కష్టంగా ఉందని, పెద్ద మానిటర్ కావాలని అడుగుతోంది. ఇంట్లో టీవీ కూడా పాతబడింది. రెండు వస్తువులు కొనే బదులు 43 అంగుళాల టీవీ ఒకటి కొని, దాన్నే మానిటర్‌గా వాడుకోమందామని అనుకుంటున్నాం. మున్ముందు యానిమేషన్ వైపు వెళ్లాలన్న కోరిక కూడా ఆమెకు ఉంది. మా నిర్ణయం వల్ల ఆమె చదువు దెబ్బతింటుందా?

సమాధానం: ఆ టీవీ ఆమె గదిలో, రాసుకునే బల్ల వెనుక గోడకు ఉండేటట్లయితే మీ ఆలోచన మంచిదే. హాల్లో అందరి మధ్య ఉండేటట్లయితే మాత్రం ఆమెకు విడిగా 24 అంగుళాల మామూలు మానిటర్ ఒకటి కొనిపెట్టండి. తెర నాణ్యత కన్నా ముందు తేలవలసింది రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నదే. ఆమెకు కోడ్ రాయడానికి కూర్చునే తీరిక సాయంత్రమే దొరుకుతుంది, ఇంట్లో మిగతావారికి టీవీ చూసే తీరికా అప్పుడే దొరుకుతుంది. ప్రతిరోజూ అడిగి తెర తీసుకోవలసి వచ్చిన పిల్లలు నాలుగు రోజులు అడిగి, అయిదో రోజున మళ్లీ ల్యాప్‌టాప్ మీదికే వంగి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

గది విషయం తేలిందనుకొని ఇక టీవీ సంగతికి వద్దాం. టీవీని రెండు మూడు మీటర్ల దూరం నుంచి బొమ్మ చూడటానికి తయారు చేస్తారు. మానిటర్‌ను చేయి చాపితే అందేంత దూరంలో అక్షరం చదవడానికి తయారు చేస్తారు. సినిమాలో ఒక చెట్టు ఆకుల అంచులు కాస్త అలుక్కుపోయినా ఎవరికీ నష్టం లేదు. కోడ్‌లో చుక్కకూ కామాకూ, కోలన్‌కూ సెమికోలన్‌కూ, సున్నాకూ ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరానికీ తేడా కనిపించకపోతే తప్పు ఎక్కడుందో తెలియక అరగంట పోతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఆ తప్పును తమ తెలివితక్కువతనంగా భావించుకుంటారు, తెర మీద అనుమానం రాదు. అందువల్ల మీరు టీవీని బొమ్మను బట్టి కాక అక్షరాన్ని బట్టి ఎంచుకోవాలని నా సలహా.

అక్షరం స్పష్టత అన్నిటికన్నా ఎక్కువగా అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు, అంటే తెర మీద బొమ్మను కూర్చే సన్నటి చుక్కలు ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 పిక్సెళ్ల 24 అంగుళాల మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. అదే ఫుల్ హెచ్‌డీని 32 అంగుళాల టీవీకి పరిస్తే అవి 69కి పడిపోతాయి. ‘హెచ్‌డీ రెడీ’ పేరుతో వచ్చే 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 1366×768 పిక్సెళ్లే ఉంటాయి కాబట్టి అక్కడ 49 మాత్రమే మిగులుతాయి. వాటిలో అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి, మానిటర్‌గా వాటిని తలచుకోవడం కూడా అనవసరం. మీరు అనుకున్న 43 అంగుళాల టీవీ 4కె, అంటే 3840×2160 పిక్సెళ్లది అయితే అంగుళానికి సుమారు 102 వస్తాయి. అది మామూలు మానిటర్ కన్నా కొంచెం మెరుగే. అదే 4కెను 55 అంగుళాలకు సాగదీస్తే మళ్లీ 80కి దిగిపోతుంది. పెద్దది కొంటే ఇంకా మంచిదేమో అన్న ఆలోచన టీవీగా చూసినప్పుడు సరైనదే కావచ్చు, చదువుకునే బల్ల దగ్గర మాత్రం తప్పుతుంది.

పరిమాణం కుదిరినా బల్ల కుదరాలి. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు 54 సెంటీమీటర్లు ఉంటుంది. దాని ముందు 80 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే పిక్సెళ్లు విడివిడిగా కనిపించవు, మూలలు చూడటానికి మెడను మరీ తిప్పవలసిన అవసరమూ ఉండదు. టీవీతో వచ్చే కాళ్ల మీద దాన్ని బల్ల పైనే నిలబెడితే ఆ దూరం రాదు. పైగా ఆ కాళ్లకు మానిటర్ స్టాండుకు ఉన్నట్టు ఎత్తు తగ్గించే, వంచే వీలు ఉండదు. గోడకు బిగించి, బల్లను కాస్త ముందుకు జరపడం ఉత్తమం. తెర పై అంచు ఆమె కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు దరిదాపుల్లో ఉండేటట్లు బిగించమనండి. టీవీ బిగించడానికి వచ్చేవారు సోఫాలో కూర్చుని చూసే అలవాటుతో దాన్ని చాలా పైన బిగించేస్తారు. అలా బిగించిన తెరను రోజూ తలెత్తి చదివితే నెల తిరక్కుండా మెడ నొప్పి మొదలవుతుంది. తెర పై భాగంలో అప్పుడప్పుడు చూసుకునే పాఠాలో డాక్యుమెంటేషనో పెట్టుకుని, కోడ్ రాసే కిటికీని (విండోను) కింది సగంలో, సరిగ్గా ఎదురుగా ఉంచుకోవడం ఆమె మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

ఇక అసలు చిక్కు ఉన్నచోటికి వస్తాను, ఎందుకంటే టీవీ కొని నిరాశపడేవారిలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. వీడియోలో వెలుగు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను కుదించడం మామూలు. 4:2:0 అనే పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం అందుతుంది. సినిమాలో అది ఎవరి కంటికీ ఆనదు. కోడ్ రాసే ఎడిటర్‌లో నల్లటి నేపథ్యం మీద ఎర్రగా, ఊదాగా కనిపించే కీవర్డ్‌లకు, అంటే ఆ భాషలో ప్రత్యేక అర్థమున్న మాటలకు మాత్రం అంచులు చెదిరి, పక్కనున్న నలుపులోకి రంగు కారినట్టు కనిపిస్తుంది. ప్రతి పిక్సెల్‌కూ దాని రంగు దానికి అందే 4:4:4 పద్ధతిని టీవీ స్వీకరించాలి. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ (ల్యాప్‌టాప్ నుంచి బొమ్మను తెచ్చే కేబుల్) ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మారిస్తేనే అది అమలవుతుంది. కొన్నిటిలో ఆ పోర్టుకు విస్తృత సిగ్నల్ సదుపాయాన్ని సెట్టింగ్‌లలో విడిగా తెరవవలసి ఉంటుంది.

కేబుల్‌కు రెండు వైపులా ఏముందో కూడా చూడాలి. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత ల్యాప్‌టాప్ 4కె చిత్రాన్ని సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. 2013లో వచ్చిన 2.0 నుంచే 60 సార్లు పంపడం వీలైంది. తేడా మౌస్ కదిపిన మొదటి క్షణంలోనే తెలుస్తుంది: 30 దగ్గర బాణం గుర్తు జారినట్టు కాక గెంతుతున్నట్టు కదులుతుంది, అక్షరం టైపు చేసిన తరువాత ఒక రెప్పపాటు ఆగి కనిపించినట్టు ఉంటుంది. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చౌక అడాప్టర్లలో కొన్ని కూడా 30 దగ్గరే ఆగిపోతాయి. టీవీ కొనే ముందు మీ అమ్మాయి ల్యాప్‌టాప్ వివరాల్లో ఇది చూసుకోమనండి, లేకపోతే 4కె టీవీ ఉండి కూడా ఫుల్ హెచ్‌డీలో వాడుకోవలసి వస్తుంది.

ఒక విద్యార్థి సంగతి చెబుతాను. పెద్ద తెర మీద చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి తలనొప్పి వస్తోందని, ప్రోగ్రామింగ్ తనకు పడదేమోనని, కోర్సు మారిపోతానని నా దగ్గరికి వచ్చాడు. అతను పంపిన ఫొటోలో ప్రతి అక్షరం చుట్టూ సన్నటి తెల్లటి గీత ఉంది. టీవీ దుకాణంలో మెరిసేందుకు పెట్టిన ‘వివిడ్’ మోడ్‌లోనే ఉండిపోయింది, షార్ప్‌నెస్ పూర్తిగా పైకి ఉంది. తెర అంచులను కొంచెం కత్తిరించి బొమ్మను సాగదీసే ఓవర్‌స్కాన్ వల్ల కింద టాస్క్‌బార్ సగమే కనిపిస్తోంది. షార్ప్‌నెస్‌ను గీత మాయమయ్యే దాకా తగ్గించి, బ్యాక్‌లైట్‌ను గది వెలుతురుకు తగ్గట్టు దించి, చిత్రం సైజును ‘జస్ట్ స్కాన్’కు మార్చి, కదలికలను నునుపు చేసే సదుపాయాన్ని ఆపేశాం. అతను కోర్సు మారలేదు. ఆ పని మొత్తానికి పావుగంట పట్టింది. (ఓవర్‌స్కాన్ ఆపే సెట్టింగ్‌ను ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో పిలుస్తుంది. ‘స్క్రీన్ ఫిట్’, ‘1:1’, ‘ఫుల్ పిక్సెల్’ అన్నీ అదే.) టైపు చేసినది ఆలస్యంగా కనిపిస్తుంటే ‘గేమ్ మోడ్’ పెట్టమనండి. పేరు చూసి కంగారు పడకండి, అది టీవీ లోపల జరిగే చిత్ర సంస్కరణను తగ్గించి ఆలస్యాన్ని తగ్గిస్తుంది, అంతే.

ప్యానెల్ విషయంలో ప్రతి పిక్సెలూ తనంతట తాను వెలిగే ఓలెడ్ కన్నా, వెనుక బ్యాక్‌లైట్ ఉండే ఎల్‌సీడీ రకాన్నే ఎంచుకోండి. ఓలెడ్ చిత్రం అందంగా ఉంటుంది, కానీ టాస్క్‌బార్, ఎడిటర్ అంచుల వంటి కదలని గీతలు రోజుకు ఆరేడు గంటలు ఒకే చోట ఉంటే కాలక్రమంలో వాటి మచ్చ తెర మీద నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఎల్‌సీడీల్లో వీఏ రకానికి నలుపు బాగుంటుంది, దగ్గరగా కూర్చుంటే మాత్రం మూలల్లో రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ఐపీఎస్ రకానికి ఆ ఇబ్బంది తక్కువ కాబట్టి బల్ల దగ్గరికి అదే నయం. వెలుతురు తగ్గించినప్పుడు కొన్ని టీవీల బ్యాక్‌లైట్ కంటికి తెలియనంత వేగంగా మినుకుమంటుంది. అప్పుడు ఫోన్ కెమెరాతో తెరను చూస్తే నల్లటి చారలు కదులుతూ కనిపించవచ్చు. అలాంటిది గంటల తరబడి చదివేవారికి వద్దు.

యానిమేషన్ గురించి మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను: దాని కోసం ఇప్పుడే ఖరీదైన తెర కొనవలసిన పని లేదు. ఆ రంగంలో మొదటి రెండేళ్లు బొమ్మ గీయడం, కదలికకు తగిన సమయం లెక్క కట్టడం నేర్చుకోవడంలోనే గడిచిపోతాయి, రంగుల ఖచ్చితత్వం తరువాతి మాట. అప్పుడైనా టీవీ పూర్తిగా పనికిరాకుండా పోదు. కంప్యూటర్లు వాడే ఎస్ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణానికీ, హెచ్‌డీ టీవీ ప్రసారాలు వాడే రెక్.709 అనే ప్రమాణానికీ మూల రంగులు ఒకటే. ‘సినిమా’ మోడ్‌లో ఉంచిన మంచి టీవీ ఆ రంగులకు చాలా దగ్గరగా వస్తుంది, నీలం పాలు ఎక్కువగా చూపే ‘వివిడ్’ మోడ్ రాదు. ఆమె ఉద్యోగాలకు పంపే పోర్ట్‌ఫోలియోను ఆ మోడ్‌లో ఒకసారి, ల్యాప్‌టాప్ మీద ఒకసారి, ఫోన్‌లో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది, ఎందుకంటే చూసేవారు కూడా ఆ మూడింటిలో ఏదో ఒకదాని మీదే చూస్తారు. ముద్రణకు వెళ్లే డిజైన్ పని ఎంచుకుంటే మాత్రం ఆ రోజున రంగులు సరిచూసిన మానిటర్ కొనవలసిందే.

ఉద్యోగ ప్రయత్నాల సమయంలో ఈ పెద్ద తెర అడ్డుపడే సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. ఆన్‌లైన్ పరీక్షలను పర్యవేక్షించే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు రెండో తెర తగిలించి ఉంటే పరీక్షను మొదలుపెట్టనివ్వవు, కాబట్టి ల్యాప్‌టాప్ ఒక్కదాని మీదే రాసే సాధన కూడా పోకుండా చూసుకోవాలి. ఇంటర్వ్యూలో కెమెరాను 54 సెంటీమీటర్ల ఎత్తున్న తెర నెత్తిన పెడితే ఆమె ఎదుటివారి కళ్లలోకి కాక వారి కాళ్ల వైపు చూస్తున్నట్టు కనిపిస్తుంది, ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడమే మేలు. తన కోడ్ చూపించవలసి వచ్చినప్పుడు 4కె తెర మొత్తాన్ని పంచుకుంటే అవతలివారి చిన్న తెర మీద అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. ఒక్క ఎడిటర్ కిటికీని మాత్రమే పంచుకుని, అక్షరాల సైజు పెంచాలి.

కొనడానికి వెళ్లినప్పుడు మీరొక్కరే వెళ్లకండి. అమ్మాయిని, ఆమె ల్యాప్‌టాప్‌ను, ఇంట్లో వాడబోయే కేబుల్‌నే వెంట తీసుకువెళ్లండి. దుకాణంలో వారు చూపే పూల వీడియోలను పక్కన పెట్టి, ఇన్‌పుట్ పేరు ‘పీసీ’గా మార్చమని అడిగి, ఆమె రోజూ వాడే ఎడిటర్‌లో నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలతో ఒక పేజీ తెరవమనండి. డిస్‌ప్లే సెట్టింగ్‌లలో 3840×2160, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు) కనిపిస్తున్నాయో లేదో చూడనివ్వండి. ఆ తరువాత కుర్చీ అడిగి, 80 సెంటీమీటర్ల దూరంలో ఆమెను పది నిమిషాలు కూర్చోబెట్టి, ఏదైనా టైపు చేయమనండి. కుర్చీ వేయడానికి ఒప్పుకోని దుకాణమైతే నచ్చకపోతే వెనక్కి తీసుకునే షరతు బిల్లు మీద రాయించుకోండి.