సెన్సర్ కొలిచింది ప్లవకాలనా, పాచినా?

ప్రశ్న: వృక్షప్లవకాలను (నీటిలో తేలే అతిచిన్న మొక్కల్లాంటి జీవులను) గమనించడానికి నదీముఖద్వారంలో క్లోరోఫిల్ సెన్సర్ దింపాం. పది రోజులయ్యాక రీడింగు రోజురోజుకూ పెరుగుతోంది. మధ్యాహ్నాలు మాత్రం పడిపోతోంది. పరికరం పాడైందా?

జవాబు: పరికరాన్ని అనుమానించే ముందు అద్దం మీది పాచిని చూడండి. ఈ సెన్సర్ దాదాపు 470 నానోమీటర్ల నీలికాంతి వేసి, క్లోరోఫిల్ నుంచి 685 దగ్గర తిరిగొచ్చే ఎర్రటి వెలుగును కొలుస్తుంది. ఆ వెలుగు నీళ్లలోని ప్లవకాలదా, అద్దానికి అంటిన నాచుదా దానికి తెలియదు. ప్లవకాలైతే ఆటుపోట్లతో రీడింగు పైకీ కిందికీ ఊగుతుంది. పాచి పడితే రోజులోని కనిష్ఠ విలువ కూడా పైకి జరుగుతూ పోతుంది.

బయటికి తీయగానే కడిగేయకండి, చాలామంది చేసే తప్పు అదే. ఒకే బకెట్ నీళ్లలో తుడవకముందు ఒకసారి, మెత్తటి గుడ్డతో తుడిచాక ఒకసారి రీడింగు తీయండి. ఆ తేడా పాచిదే. మళ్లీ దింపేటప్పుడు పాచి పట్టకుండా అద్దాన్ని తుడిచే వైపర్‌నూ, అద్దం చుట్టూ రాగి రేకునూ బిగించండి. రాగి అల్యూమినియం చట్రానికి తగిలితే ఉప్పునీటిలో చట్రం తుప్పుపట్టి తినుకుపోతుంది. మధ్యలో ప్లాస్టిక్ ఉండాలి.

మధ్యాహ్నపు తగ్గుదల రోజూ అదే వేళకు వస్తే ఎండ ప్రభావం: కణాలు అదనపు కాంతిని వేడిగా వదిలేస్తాయి, ఆ ఎర్రటి వెలుగు తగ్గుతుంది. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతే ఆటుపోట్లది. రోజుల మధ్య పోలికకు రాత్రి రీడింగులే వాడండి. వారానికోసారి అక్కడి నీటిని వడపోసి, 90 శాతం అసిటోన్‌తో క్లోరోఫిల్ తీసి కొలిచి, సెన్సర్ రీడింగుతో సరిచూడండి.