మందు తగ్గించుకోవాలనుకున్న అల్లుడికి

చిరంజీవి సురేంద్రకు,

అనంతపురం నుంచి మీ మేనమామ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఎక్సైజ్‌లో చేసి రిటైరైన మామను మందు తగ్గించుకోవడానికి సలహా అడగడం నీకే చెల్లింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు పార్టీకి వచ్చి కూడా నిమ్మరసం తాగి వెళ్లిపోతున్నారని ఆశ్చర్యపోయావు కదా, అది మీ బెంగళూరులోనే కాదు. అమెరికాలో గాలప్ అనే సర్వే సంస్థ 1939 నుంచి జనాన్ని ‘మీరు తాగుతారా’ అని అడుగుతోంది. 2025లో తాగుతామని చెప్పినవాళ్లు 54 శాతం. ఇన్నేళ్లలో అంత తక్కువ ఎన్నడూ లేదు. జపాన్‌లో కుర్రవాళ్లు తాగడం తగ్గించేసరికి పన్ను రాబడి పడిపోయింది. దాంతో 2022లో అక్కడి పన్నుల శాఖే, యువకుల చేత మళ్లీ తాగించడానికి ఐడియాలు పంపండని పోటీ పెట్టింది. మా డిపార్ట్‌మెంటుకు అలాంటి అవసరం ఎన్నడూ రాలేదులే. మన దేశంలో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మగవాళ్లలో తాగేవాళ్లు 2015-16లో 29 శాతం, 2019-21లో 22 శాతం. భార్య పక్కనే నిలబడి ఉంటే సర్వేకు వచ్చినవాళ్లకు ఎంతమంది నిజం చెబుతారో నాకు అనుమానమే. కానీ ఆ అబద్ధం రెండుసార్లూ చెప్పే ఉంటారు కాబట్టి, తగ్గినమాట కొంతైనా నిజమే అయ్యుండాలి. అలాగని ఇక్కడ వైన్ షాపుల ముందు జనం పలచబడ్డారని అనుకోకు. కూలి డబ్బులు చేతికొచ్చే రోజు సాయంత్రం ఒకసారి వచ్చి చూడు.

మాన్పించాలని ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు నేను దగ్గర నుంచి చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. మన కర్నూలు కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు దాన్ని ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో మాకు నిద్ర లేదు. మన జిల్లాకు పడమర అంతా కర్ణాటకే కదా, బళ్లారి దారిన, పావగడ దారిన ఏదో ఒక బండి వస్తూనే ఉండేది. 2019లో షాపులను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2020 మేలో రెండు విడతల్లో 75 శాతం ధర పెంచితే, తాగేవాళ్లు మళ్లీ అదే బళ్లారి దారి పట్టారు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి, 99 రూపాయల క్వార్టరూ వచ్చింది. సారా పోయాక పల్లెల్లో చాలా ఇళ్లలో పొయ్యి సరిగ్గా వెలిగింది, అది నేను కాదనను. కానీ సీసా దొరక్కుండా చేసినా మనిషికి సాయంత్రం అలాగే మిగిలిపోతుంది. ఆ సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో తెలియక సరిహద్దు దాటుతాడు.

మీ ఆఫీసు పిల్లల దగ్గర సీసాను ఎవరూ లాక్కోలేదు. వాళ్ల సాయంత్రమే వేరే అయిపోయింది. మా రోజుల్లో నలుగురు మగవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలంటే సిట్టింగ్ తప్ప ఇంకో దారి ఉండేది కాదు. ఇప్పుడు స్నేహితులు పగలంతా ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. రాత్రికి కొత్తగా చెప్పుకునేదేముంది? షటిల్ కోర్టులున్నాయి, లైట్ల కింద క్రికెట్ ఆడే టర్ఫులున్నాయి, అర్ధరాత్రి దాకా మండి బిర్యానీ హోటళ్లున్నాయి. టీముల్లో ఆడపిల్లలు సగం మంది ఉన్నారు. ఎవడైనా తూలితే వీడియో తెల్లారేసరికి గ్రూపులన్నీ తిరుగుతుంది. ఈ ఒక్క భయం మా శాఖ పెట్టిన కేసులన్నిటికంటే బాగా పనిచేస్తోందని నా అభిప్రాయం. తాగి బండి నడిపేవాళ్లను పట్టే పోలీసుల మిషను సరేసరి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారికే పదివేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఆరోగ్యం సంగతి కూడా ఇప్పుడు దాచితే దాగేది కాదు. కొంచెం తాగితే గుండెకు మంచిదని మా కాలంలో డాక్టర్లే అనేవాళ్లు. ఎంత తక్కువైనా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము, ఇన్ని చోట్ల క్యాన్సర్‌కు మందుతో సంబంధం ఉంది. అయినా కుర్రవాళ్లను క్యాన్సర్ కంటే వాళ్ల చేతి వాచీయే ఎక్కువగా మార్చిందనుకుంటాను. తాగిన రాత్రి త్వరగా నిద్ర పడుతుంది గానీ, రెండో జాము నుంచి నిద్ర ముక్కలైపోతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. పొద్దున్నే అదంతా గీతలు గీసి చూపించే వస్తువు చేతికే ఉంటే, ‘నిన్న బాగా నిద్రపోయాను’ అని తనకు తాను చెప్పుకోలేడు కదా.

ఇక నీ సంగతి. ఒట్టు వేయకు. ఇంట్లో దేవుడి ముందు, కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్లు వేసినవాళ్లను చాలామందిని చూశాను. దాని బదులు అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను గమనించు. రోజూ క్వార్టర్ లేనిదే ముద్ద దిగదన్నవాడు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. భక్తి ఉంటుంది, నిజమే. దాంతోపాటు తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం, బట్టల రంగు మార్పు, సాయంత్రం భజన, చుట్టూ అలాంటి మనుషులే. ‘ఒక్క పెగ్గు వేద్దాం రా స్వామీ’ అని పిలిచే ధైర్యం ఎవడికీ ఉండదు. రోజు మొత్తం మారిపోతుంది కాబట్టి మనసుతో యుద్ధం చేయాల్సిన పని తగ్గుతుంది. మాల తీసిన మర్నాడు పాత సాయంత్రం తిరిగొస్తుంది, దాని వెంటే క్వార్టరూ వస్తుంది. నువ్వు మాల వేసుకోమని చెప్పడం లేదు. అందులోని ఏర్పాటును చూడమంటున్నాను.

నీకు ఏడు నుంచి తొమ్మిది దాకానే గండం. ఆఫీసు అయిపోతుంది, ఆకలి వేస్తుంది, ఇంటికెళ్లే దారిలో ట్రాఫిక్. ఆ ఆకలినే చాలామంది మందు మీద కోరిక అనుకుంటారు. ఏడు గంటలకే కడుపు నిండా తిను. మీ అత్త సంగటి ముద్ద, నాటుకోడి పులుసు ముందు పెట్టి, ‘ఇప్పుడు తాగు చూద్దాం’ అంటుంది. అంత తిన్నాక ఎవడూ తాగలేడు. వారంలో రెండు మూడు రోజులు పొద్దున ఆరింటికి ఇంకొకరితో కలిసి ఏదైనా ఆట పెట్టుకో. ఒంటరిగా నడుస్తానంటే పనికిరాదు, వెళ్లకపోయినా అడిగేవాడుండడు. షటిల్ కోర్టులో భాగస్వామి ఎదురుచూస్తుంటే ముందురోజు రాత్రి పదకొండింటికి సిట్టింగులో కూర్చోవు. ఇంట్లో స్టాక్ పెట్టుకోకు. దోస్తు ఫారిన్ నుంచి తెచ్చిన సీసా అని అల్మరాలో దాచినది ఉంటే ఎవరికైనా ఇచ్చెయ్.

తాగిన రోజు లెక్క తెలిసి తాగు. మన దగ్గర విస్కీ, బ్రాందీ 42.8 శాతం. ముప్పై మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే అలాంటివి ఆరు. బీరే కదా అంటావు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు ఒక పెద్ద సీసా తాగితే నాలుగు చిన్న పెగ్గులతో సమానం. ఒంట్లోంచి అది గంటకు ఏడు నుంచి పది గ్రాములే పోతుంది, నిమ్మకాయ నీళ్లు తాగినా, స్నానం చేసినా ఆ వేగం పెరగదు. అంటే రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించినవాడు పొద్దున ఆరుకు కారు తాళం పట్టుకుంటే ఇంకా పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. పొద్దున చెకింగులో దొరికి, ‘నిన్న రాత్రి తాగింది సార్’ అని బతిమాలినవాళ్లను చూశాను.

స్నేహితుల దగ్గర ‘మానేశాను’ అని ప్రకటించకు. ఆ మాట వింటే పక్కవాడికి తనను తప్పుపట్టినట్టు ఉంటుంది. ఇక రాత్రంతా నీ గురించే చర్చ. ‘పొద్దున్నే పనుంది’, ‘నేను డ్రైవింగ్’ చాలు. వెళ్లగానే గ్లాసులో సోడా పోయించుకుని చేత్తో పట్టుకో, ఖాళీ చెయ్యి చూస్తేనే పోయాలనిపిస్తుంది వాళ్లకు. బిల్లు సమానంగా పంచే పద్ధతికి ఒప్పుకోకు. తాగనిదానికి డబ్బు కట్టినవాడు రెండోసారి ఎలాగూ కట్టాం కదా అని ఒక పెగ్గు అందుకుంటాడు. తిండి బిల్లు నేనిస్తానని ముందే చెప్పెయ్. అందరికీ నచ్చుతుంది. జీరో బీర్ల సంగతి అడిగావు. నీలాంటివాడికి ఫర్వాలేదు, అయితే సీసా మీద అంకె చూడు. నాన్ ఆల్కహాలిక్ అని రాసినవాటిలో అర శాతం దాకా ఉండొచ్చు. పూర్తిగా మానాల్సిన స్థితికి వచ్చినవాళ్లకు మాత్రం అదే రంగు, అదే చేదు, అదే నురగ మంచివి కావు.

మొదటి వారం నిద్ర సరిగ్గా పట్టదు, చిరాకుగా ఉంటుంది, తీపి తినాలనిపిస్తుంది. తిను, తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో అందరికీ నీతులు మాత్రం చెప్పకు. మానిన కొత్తలో మనుషులు భరించలేనంతగా తయారవుతారు.

చివర్లో నీ ఫ్రెండ్ ఒకతను పొద్దున లేవగానే తాగుతాడని, నీతోపాటే మాన్పిస్తానని రాశావు. ఆ పని చేయకు. ఇది గట్టిగా చెబుతున్నాను. చేతులు వణకకుండా ఉండటానికి పొద్దున తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేనివి కనిపించడం, అయోమయం, జ్వరం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. అతన్ని డాక్టరు చూస్తూ మాన్పించాలి, బి1 విటమిన్ ఇవ్వాలి, కొన్ని రోజులు మందులు వాడాలి. బెంగళూరులోనే ఉన్నారు కదా, అక్కడి నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో దీనికోసమే విభాగం ఉంది. ఇక్కడివాళ్లెవరైనా అడిగితే కర్నూలు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి పంపించు. తాగుడు, మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా దారి చెబుతారు. వాళ్లావిడ ఎవరి దగ్గరో పొడి తెచ్చి కూరలో కలుపుతోందన్నావు. వెంటనే ఆపించు. అందులో తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటిది ఉండి, అతను తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. అతనికి తెలియకుండా పెట్టే ఏ మందూ మందు కాదు.

ఇక తమ్ముడి పెళ్లి. ముందురోజు రాత్రి సిట్టింగ్ పూర్తిగా రద్దు చేస్తానన్నావు. చేయకు. మండపం వెనక కార్లలో అదే జరుగుతుంది, పైగా ఎవడు ఎంత తాగాడో నీకు తెలియదు. పెడితే ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఒకరోజు పర్మిట్ తీసుకుని పెట్టు. మీ బెంగళూరు ఫ్రెండ్స్ డిక్కీలో సరుకు తెస్తామంటారు, తేనివ్వకు. కర్ణాటక సరుకు ఈ పక్క దొరికితే పెళ్లికొడుకు అన్న అని ఎవరూ వదలరు, ఈ మామ ఫోన్ చేసినా వదలరు. భోజనాలు ఏడున్నరకే మొదలుపెట్టించు, మందు తర్వాత. తొమ్మిదిన్నరకు డీజే ఆపించెయ్, పాట ఆగితే సగంమంది లేస్తారు. తాగనివాళ్లకు ప్లాస్టిక్ బాటిల్లో చల్లటి నీళ్లు ఇచ్చి ఊరుకోకు. వాళ్లకూ ఒక కౌంటర్ కావాలి. నన్నారి, నిమ్మకాయ, సోడా కలిపి పోసే మనిషి ఒకడు ఉంటే మీ చిన్నాన్నలు కూడా అటే తిరుగుతారు, మందు ఖర్చు తగ్గుతుంది. అసలైన నన్నారి వేరుతో సిరప్ కాచేవాళ్లు నాకు తెలుసు. పెళ్లిళ్ల సీజన్ అయితే ముందే చెప్పాలి. ఎంతమంది వస్తారో లెక్క ఈ ఆదివారం లోపు పంపించు, ఆర్డర్ నేనిస్తాను.

ఇట్లు,
మీ మామ