ఓడలకు చారలు వేయించిన చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్

మొదటి ప్రపంచయుద్ధం నాటి ఓడల మీద కనిపించే ఆ జీబ్రా చారలు నిజంగా ఒక చిత్రకారుడి ఆలోచనేనా, వాటివల్ల ఉపయోగం ఉండేదా అని అడిగారు. అవును, ఆ ఆలోచన బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్‌దే. నేను మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌ని కాబట్టి చారల సంగతి ముందు చెప్తాను.

ఓడని నడిపే గదిలో, అంటే బ్రిడ్జ్ మీద, కాపలా డ్యూటీలో ఉండగా దూరంగా ఓడ కనబడితే, అది ఎటు పోతోందో ముందు తేల్చుకోవాలి. రెండు మాస్టులూ (ఓడ మీది నిలువు స్తంభాలు) ఒకే వరసలో ఉన్నాయా, విడివిడిగా కనిపిస్తున్నాయా, ముక్కు ఎటుంది, అక్కడ నురగ ఎంత లేస్తోంది అని బైనాక్యులర్స్‌తో చూస్తాం. రాడార్ ఉంది కదా అని కళ్లకు పని చెప్పకపోతే కెప్టెన్ ఊరుకోడు. 1917లో జర్మన్ సబ్‌మెరైన్ కమాండర్‌కి ఉన్నదల్లా పెరిస్కోప్, అదీ పైకెత్తితే కొద్ది క్షణాలే. టార్పెడోని ఓడ ఇప్పుడున్న చోటికి కాదు, కాసేపట్లో ఉండబోయే చోటికి వదలాలి. ఓడ దిశని తప్పుగా అంచనా వేశాడో, గురి తప్పినట్టే.

విల్కిన్సన్ దెబ్బకొట్టింది ఇక్కడే. పొగ కక్కే ఓడని ఎలాగూ దాచలేం, కనీసం తికమక పెడదాం అన్నాడు. అప్పటికి ఆయన బ్రిటిష్ నేవీ వాలంటీర్ రిజర్వ్‌లో ఉన్నాడు, టర్కీలోని గల్లిపోలి యుద్ధం చూసొచ్చాడు. లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాసంస్థ గదుల్లో పని మొదలైంది. చిన్న చెక్క ఓడకి రంగులేసి, తిరిగే బల్ల మీద పెట్టి, పెరిస్కోప్‌లోంచి చూసేవారు. ముక్కేదో తోకేదో పోల్చుకోగలిగితే డిజైన్ మార్చాల్సిందే. ఎడమవైపు వేసింది కుడివైపు వేసేవారు కాదు. ఆ రంగులు వేసినవారిలో ఆడవాళ్లు చాలామందే. అలా వేల ఓడలకు చారలు పడ్డాయి.

పనిచేసిందా అంటే, బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీకే గట్టి రుజువు దొరకలేదు. ఆ 1917లోనే కాన్వాయ్‌లు, అంటే యుద్ధనౌకల కాపలాతో ఓడలు గుంపుగా వెళ్లడం కూడా మొదలైంది, దేని ఫలితం ఎంతో విడదీయడం కష్టం. సిబ్బందికి మాత్రం ధైర్యం వచ్చింది. పగటిపూట, మసక వెలుతురులో అయితే నేనూ బోల్తా పడతాననే అనుకుంటాను.

జాన్ గ్రాహమ్ కెర్ అనే జంతుశాస్త్రవేత్త 1914లోనే ఓడలకు రంగుల గురించి అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్‌కి రాశాడు, తర్వాత ఆ ఘనత తనదేనన్నాడు. యుద్ధం ముగిశాక విచారణ జరిగి విల్కిన్సన్‌కే 2,000 పౌండ్లు దక్కాయి.

మిగతా జీవితానికొస్తే, 1878లో కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు, పత్రికలకు బొమ్మలు వేస్తూ పైకొచ్చాడు. టైటానిక్ ఫస్ట్ క్లాస్ స్మోకింగ్ రూమ్‌లో ఉన్న ప్లిమత్ హార్బర్ చిత్రం ఆయనదే, ఓడతోపాటే మునిగిపోయింది. రైల్వే కంపెనీలకు వేసిన పోస్టర్లే నాకు ఎక్కువ నచ్చుతాయి, తక్కువ రంగులతో భలే తేల్చేస్తాడు. రెండో ప్రపంచయుద్ధం మీద 54 చిత్రాలు వేసి దేశానికి ఇచ్చేశాడు. 1971లో పోయాడు. ఆ 54 గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం దగ్గరున్నాయి, డంకర్క్ తీరం నుంచి సైనికుల్ని తరలించిన చిన్న పడవల బొమ్మతో మొదలుపెట్టండి.