‘నాకు వచ్చింది’ నుంచి ‘గెట్’ దాకా

ఈసారి ఇంగ్లీషు శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ‘గెట్’ అనే క్రియ చుట్టూనే తిరిగాయి. వాటిని ఒక్కచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: డిక్షనరీల ‘గెట్’కు పొందు, తెచ్చు, అగు, చేరు, అర్థం చేసుకొను అని బోలెడు అర్థాలున్నయి. బట్టీ పట్టినా మాట్లాడేటప్పుడు ఒక్కటి గుర్తుకు రాదు. తేలికైన దారి ఏమన్న ఉన్నదా? (ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ)

జవాబు: ఆ జాబితా ముందు పక్కన పెట్టండి. ‘నాకు ఉత్తరం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది, నాకు ఎనభై మార్కులు వచ్చినయి’ అని రోజూ అంటుంటాం. వీటిలో వచ్చిన వస్తువే కర్త. మనిషి ‘నాకు’ అని పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది. మనిషి ముందుకొచ్చి కర్త అవుతాడు, ‘వచ్చింది’ ఉన్నచోట ‘గాట్’ కూర్చుంటుంది: ‘ఐ గాట్ ఎ లెటర్’, ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ ఎయిటీ మార్క్స్’. ‘నాకు... వచ్చింది’ అనే వాక్యం నోట్లోకి రాగానే ‘ఐ గాట్’తో మొదలుపెట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది.

మిగతా సగంలోనే తప్పులు దొర్లేది. మొదటిది, మనసుకూ ఒంటికీ సంబంధించినవి. ‘నాకు కోపం వచ్చింది’ని ‘ఐ గాట్ యాంగర్’ అంటారు. అది కుదరదు. ఇక్కడ నామవాచకం కాదు, విశేషణం కావాలి: ‘ఐ గాట్ యాంగ్రీ’. నిద్ర వస్తోంది అంటే ‘గెటింగ్ స్లీప్’ కాదు, ‘గెటింగ్ స్లీపీ’. ఆకలి ‘హంగ్రీ’, దాహం ‘థర్స్టీ’, అలసట ‘టైర్డ్’, భయం ‘స్కేర్డ్’. విసుగు వచ్చిందంటే ‘బోర్డ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే ‘నేనే ఎదుటివాళ్లకు విసుగు పుట్టిస్తాను’ అని అర్థం.

జబ్బుల సంగతి వేరు. మలేరియా, డెంగీ వంటి పేర్లకు ముందు ఏమీ అక్కర్లేదు: ‘హీ గాట్ మలేరియా’. జ్వరానికి మాత్రం ‘ఎ’ ఉండాలి: ‘ఎ ఫీవర్’. ఇప్పుడు ఒంట్లో ఉందని చెప్పడానికి ‘ఐ హావ్ ఎ ఫీవర్’ అంటే సరిపోతుంది.

ఇంకొన్ని ‘వచ్చింది’లు ‘గెట్’కు అసలు లొంగవు. కల వచ్చిందంటే ‘ఐ హాడ్ ఎ డ్రీమ్’. నవ్వు వచ్చిందంటే ‘ఇట్ మేడ్ మీ లాఫ్’. ‘నాకు ఈత వచ్చు, హిందీ వచ్చు’ అనేవి జరిగిన సంగతులు కావు, ఉన్న విద్యలు. అందుకే ‘ఐ కెన్ స్విమ్’, ‘ఐ నో హిందీ’. క్రియ ‘వచ్చింది, వస్తోంది’ అని కదిలితే ‘గెట్’ను ప్రయత్నించి చూడండి, ‘వచ్చు’ దగ్గర ఆగిపోతే దాని జోలికి పోకండి.

‘అగు’ అనే అర్థం గురించి ఒక జాగ్రత్త. ‘గెట్’ తర్వాత విశేషణం ఉంటేనే ఆ అర్థం వస్తుంది. ‘ఆమె టీచర్ అయింది’ని ‘షీ గాట్ టీచర్’ అనకూడదు; అక్కడ ‘బికేమ్ ఎ టీచర్’ అనే రాయాలి.

ప్రశ్న: దరఖాస్తుల్లో ‘గెట్’ రాస్తే బాగుండదని సార్లు కొట్టేస్తరు. దాని బదులు ఏం రాయాలె? (డిగ్రీ విద్యార్థి, జడ్చర్ల)

జవాబు: ‘గెట్’ తప్పు మాట కాదు, ఇంటి మాట. ఆఫీసు కాగితంలో దాని అర్థాన్ని విడగొట్టి చెప్పే క్రియ ఉంటే బాగుంటుంది. అయితే పర్యాయపదాలు ఒకదాని బదులు ఒకటి పెట్టేసేవి కావు. ఒక్కోదానికి దాని తోడు మాటలు ఉంటాయి.

మన ప్రయత్నం లేకుండా చేతికి అందింది ‘రిసీవ్’: ఉత్తరం, నోటీసు, జీతం. అడిగి, నిబంధనల ప్రకారం తెచ్చుకున్నది ‘ఆబ్టెయిన్’: కుల ధ్రువీకరణ పత్రం, అనుమతి. క్రమంగా సొంతం చేసుకున్నది ‘అక్వైర్’: నైపుణ్యం, ఆస్తి. ప్రాజెక్టుల కింద భూములు పోయిన ఊళ్లలో అందరికీ తెలిసిన భూసేకరణ ‘ల్యాండ్ అక్విజిషన్’లో ఉన్నదీ ఇదే. సరుకును వెదికి సమకూర్చుకోవడం ‘ప్రొక్యూర్’. ధాన్యం కొనుగోలు కేంద్రాల బోర్డుల మీద కనిపించే ‘ప్రొక్యూర్‌మెంట్’ దీని బిడ్డే. పోటీలో గట్టి పట్టుతో దక్కించుకున్నది ‘సెక్యూర్’: సీటు, ర్యాంకు. కష్టం మీద సంపాదించింది ‘ఎర్న్’. సరుకుకు ధర పలకడం ‘ఫెచ్’: ‘ది స్వీట్ లైమ్స్ ఫెచ్డ్ ఎ గుడ్ ప్రైస్’ అంటే బత్తాయికి మంచి రేటు పలికిందని. ఇక్కడ కర్త రైతు కాదు, బత్తాయి.

జ్వరాన్ని ‘ఆబ్టెయిన్’ చేయలేం, ఉత్తరాన్ని ‘అక్వైర్’ చేయలేం. మాట మార్చే ముందు అది దేనితో జతకడుతుందో చూడండి.

ప్రశ్న: ‘ఐ కట్ మై హెయిర్’ అంటే మా పాప నవ్వింది. ఎందుకు తప్పు? (గృహిణి, మిర్యాలగూడ)

జవాబు: ఆ వాక్యానికి ‘నా జుట్టు నేనే కత్తిరించుకున్నాను’ అనే అర్థమే ముందు తడుతుంది. మనం కటింగ్ చేయించుకుంటాం, బోరు వేయిస్తాం, ఇల్లు కట్టిస్తాం. తెలుగులో ‘ఇంచు’ చేసే ఈ పనిని ఇంగ్లీషులో ‘గెట్’ చేస్తుంది. వరుస ఇలా ఉండాలి: ముందు ‘గాట్’, తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’, ‘వీ గాట్ ఎ బోర్‌వెల్ డ్రిల్డ్’, ‘వీ గాట్ ది వాటర్ టెస్టెడ్’.

రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి మూడో రూపం బదులు మొదటి రూపం వాడటం: ‘గాట్ ది ఫోన్ రిపేర్’ కాదు, ‘రిపేర్డ్’. రెండోది వస్తువును చివరికి నెట్టడం: ‘వీ హావ్ డ్రిల్డ్ ఎ బోర్‌వెల్’ అంటే మనమే తవ్వామని అర్థం వస్తుంది.

చేసిన మనిషిని కూడా చెప్పాలంటే నిర్మాణం మారుతుంది: ‘ఐ గాట్ ది మెకానిక్ టు చెక్ ది మోటార్’. ‘గెట్’ తర్వాత ఇక్కడ ‘టు’ తప్పనిసరి. ‘హావ్’, ‘మేక్’ వాడితే ‘టు’ ఉండదు: ‘ఐ హాడ్ ది మెకానిక్ చెక్ ది మోటార్’. ‘మేక్’లో బలవంతం ధ్వనిస్తుంది. ‘గెట్’లో ఒప్పించి చేయించిన ఛాయ ఉంటుంది. పెద్దవాళ్ల గురించి, డాక్టర్ల గురించి చెప్పేటప్పుడు ‘మేడ్’ వాడకపోవడమే మర్యాద.

ప్రశ్న: బస్సు దిగుడుకు ‘గెట్ డౌన్’ కరెక్టేనా? ఊరు చేరిననడానికి ‘రీచ్డ్ టు’ అనొచ్చా? (ప్రైవేటు ఉద్యోగి, మహబూబ్‌నగర్)

జవాబు: ‘గెట్ డౌన్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. పరీక్షల్లో, బయటివాళ్లతో ‘గెట్ ఆఫ్’ వాడండి. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు వంటివాటికి ‘గెట్ ఆన్, గెట్ ఆఫ్’. వంగి లోపలికి దూరి కూర్చునే కారు, ఆటోలకు ‘గెట్ ఇన్, గెట్ ఔట్’. సైకిలు, బైకు మీదికి ఎక్కుతాం కాబట్టి మళ్లీ ‘ఆన్, ఆఫ్’.

‘రీచ్డ్ టు’ తప్పు. ‘రీచ్’ తర్వాత నేరుగా ఊరి పేరే: ‘రీచ్డ్ గద్వాల’. ‘గెట్’కైతే ‘టు’ కావాలి: ‘గాట్ టు గద్వాల’. ‘హోమ్, హియర్, దేర్’ ముందు మాత్రం అది కూడా ఉండదు: ‘గాట్ హోమ్’. ‘అరైవ్’ తర్వాత పెద్ద ఊరికి ‘ఇన్’, బస్టాండుకూ స్టేషనుకూ ‘ఎట్’.

పాత విద్యార్థుల ఫ్లెక్సీల మీద ‘గెట్ టు గెదర్’ అని మూడు ముక్కలు చేస్తున్నారు. అందులో ఉన్నవి ‘గెట్’, ‘టుగెదర్’ అనే రెండే మాటలు. ‘గెట్-టుగెదర్’ అని మధ్యలో చిన్న గీతతో కలిపి రాయించండి.

ప్రశ్న: అమెరికాల ఉన్న మా తమ్ముడు ‘గాటెన్’ అంటడు. అది ఉన్నదా? (ఉపాధ్యాయురాలు, నకిరేకల్)

జవాబు: ఉంది, పాతదే. ‘గెట్’ 1200 ప్రాంతంలో నార్స్ (నార్వే, డెన్మార్క్ ప్రాంతాల పాత భాష) నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. దాని మూడో రూపంగా ‘గాటెన్’ను బ్రిటన్ క్రమంగా వదిలేసింది, అమెరికా నిలుపుకుంది. ‘ఫర్‌గెట్’కు మాత్రం రెండు దేశాల్లోనూ ‘ఫర్‌గాటెన్’ మిగిలింది. అమెరికాలో ‘ఐ హావ్ గాట్’ అంటే నా దగ్గర ఉంది, ‘ఐ హావ్ గాటెన్’ అంటే సంపాదించాను లేదా అలా మారాను అని తేడా చూపిస్తారు. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతిలో నడుస్తాయి కాబట్టి పిల్లలకు ‘గెట్, గాట్, గాట్’ అనే నేర్పండి. తమ్ముడి మాటను తప్పనకండి.