మంచివాడని చెప్పించే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని. మిర్చి యార్డు, హమాలీల భుజాల మీద గోనె ఒరిపిళ్ళు, ఘాటుకి మాట మధ్యలో దగ్గడం, ఇవన్నీ చూసి రాశావు. కోర్టు మాత్రం సినిమాలో చూసి రాశావు.

నీ పీపీ, అదే సర్కారు తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటరు, కేసు మొదలవగానే లేచి "వీడు పాత నేరస్థుడు" అంటాడు. అనకూడదు. ముద్దాయి తనకు మంచి పేరుందని చెప్పించుకోవచ్చు గానీ, పీపీ తనంతట తాను చెడ్డపేరు ఎత్తకూడదు. అవతలివాళ్ళు మంచితనం మాట తెస్తేనే జవాబుగా ఇతను పాత శిక్ష సంగతి తీయొచ్చు. 1872 సాక్ష్య చట్టంలో ఇవి 53, 54 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 47, 49. పాత శిక్ష ఉంది కాబట్టి ఈసారి శిక్ష ఎక్కువ వేయమని ఛార్జిలో, అంటే అభియోగంలో, రాసినా సరే, దోషి అని తేలేదాకా దాన్ని చదివి వినిపించరు. ఈ నంబర్లు కథలో పెట్టకు. ముద్దాయి మీద ప్రేమతో వచ్చిన మనిషే పీపీకి తలుపు తీసిపెడతాడు, అది పట్టుకో.

ఇంకోటి. జడ్జిగారితో "దోషివి, పదేళ్ళు" అని ఒక్క ఊపులో అనిపించేశావు. మధ్యలో ఒక ఘట్టం ఉంది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 235(2), ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 258(2). దోషి అని చెప్పాక జడ్జిగారు బోను వైపు తిరిగి "శిక్ష గురించి ఏం చెప్పుకుంటావు?" అని అడగాలి. చాలామంది "పేదవాణ్ణండి, పిల్లలు చిన్నవాళ్ళండి" అంటారు. ఇది మొక్కుబడి కాదని 1976లో సంతాసింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. వయసు, పని, ఇల్లూ వాకిలీ, పాత శిక్షలు, ఏవైనా ఇరువైపులా ముందు పెట్టొచ్చు; అవతలివాళ్ళు అది నిజం కాదంటే సాక్ష్యమూ ఇవ్వొచ్చు. అంటే ఇక్కడ తలుపు ఎవరూ తీయక్కర్లేదు, తెరిచే ఉంటుంది.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. కథలు రాసి బతకలేక పదకొండేళ్ళు ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా ఉన్నాను. అప్పట్లో ఒక హమాలీ కత్తిపోటు కేసులో దోషి అయ్యాడు. అతని తరఫున మాట్లాడటానికి కమిషన్ వ్యాపారి ఒకాయన ఒప్పుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఆయన్ని తయారుచేసే పని నాకు అప్పగించారు. రచయితనని పొగరు కూడా ఉండేది లే. ఆయన చెప్పింది ఇదీ: "బస్తా పిగిలిపోతే అందరూ వెళ్ళిపోయాక కూడా వీడు కూర్చుని కాయా కాయా ఏరేవాడండీ. నేను పిలిచినా లేచేవాడు కాదు." నాకు అది చప్పగా అనిపించింది. కొట్టేసి, "చీమకైనా హాని చేయడండీ, పల్లెత్తు మాట ఎరగడు" అని రాసిచ్చాను. పాపం, రాత్రంతా బట్టీ పట్టాడట.

మర్నాడు అదే అప్పజెప్పాడు. పీపీగారు అప్పటిదాకా గడియారం చూసుకుంటున్నారు. "చట్టప్రకారం శిక్షించండి" అని ఒక్క ముక్క అనేసి కూర్చునేవారే. చీమ మాట వినగానే లేచారు. ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీశారు. ఇంకో ఊరి కోర్టులో, కొట్లాట కేసులో ఇదే మనిషికి అంతకుముందు పడిన శిక్ష తాలూకు సర్టిఫైడ్ కాపీ. "ఇది మీకు తెలుసా?" అని మెల్లగా, మర్యాదగా అడిగారు. వ్యాపారి ఆ కాగితం వంక చూడలేదు. వెనక బెంచీలో ఉన్న నా వంక చూశాడు.

కాయలు ఏరిన సంగతి అయితే ఏ కాపీ తెచ్చినా కొట్టేయలేరు కదా. పాత శిక్ష నిజమే, ఏరిందీ నిజమే. రెండూ ఒకే మనిషివి. శిక్ష తగ్గేదని నేననను. కానీ జడ్జిగారికి బోనులో ఉన్న మనిషి కాస్త కనిపించేవాడు.

నీ కథలో టీచరమ్మ సాక్షిగా వచ్చి "దేవుడులాంటి వాడు" అంటుంది చూడు, అక్కడ పెన్సిలుతో గీత గీశాను. ఆవిడ ఒక్కటంటే ఒక్కటి కళ్ళారా ఏం చూసిందో ఆవిణ్ణే అడుగు. తర్వాత పీపీని లేవనీ. అతన్ని విలన్ని చేయకు, అతని చేతిలో కాగితం కూడా నిజమే అవ్వాలి. నీ హీరో అప్పుడెలా తలవంచుకుంటాడో, వంచుకుంటాడో లేదో, నాకు తెలీదు, నువ్వు రాయాలి.

వచ్చే వారం ఒక పూట ఇటు రా. పదిన్నరకల్లా కోర్టులో కూర్చుందాం, ఎవరి కేసైనా పర్లేదు. మీ అత్త గోంగూర పచ్చడి నూరుతానంటోంది, భోజనానికి ఇంటికొచ్చేద్దాం. రాతప్రతి రెండో కాపీ తీసుకురా, నా దగ్గరున్నది గీతలతో నిండిపోయింది.

ఆశీస్సులతో,
మీ మావయ్య