99.9 శాతం వైరస్ చస్తుందట, ఏ గదిలో?

ప్రశ్న: మా అత్తగారికి ఆస్తమా. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా ఆవిడకి చుట్టుకుంటోంది. ఎయిర్ ప్యూరిఫయర్ కొందామని షాపుకెళ్తే ఒకదాని డబ్బా మీద '99.9 శాతం వైరస్‌లు అంతం, ల్యాబ్‌లో పరీక్షించినది' అని ఉంది. రేటు మాత్రం మామూలు వాటికంటే బాగా ఎక్కువ. ఈ పరీక్షలు నిజమేనా, ఉత్తుత్తివా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పరీక్ష జరిగే ఉంటుందండీ. కాకపోతే అది మీ పడగ్గదిలో జరగలేదు. 2020 సెప్టెంబరులో జపాన్ కంపెనీ షార్ప్, తమ మెషిన్లు గాల్లోకి వదిలే 'ప్లాస్మాక్లస్టర్' అయాన్ల (విద్యుదావేశమున్న కణాల) వల్ల గాల్లోని కరోనా వైరస్ దాదాపు 30 సెకన్లలో 90 శాతానికి పైగా తగ్గిందని ప్రకటించింది. పరీక్ష చేసింది నాగసాకి యూనివర్సిటీ వాళ్లతో కలిసి, వంక పెట్టడానికి లేదు. కానీ ఆ పరీక్ష జరిగిన చోటు సుమారు 3 లీటర్లు, అంటే మన ప్రెషర్ కుక్కరంత! 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి 40 వేల లీటర్ల పైమాటే.

సాధారణంగా ఇలాంటి పరీక్షల్లో రోగాలు తెచ్చే వైరస్ వాడరు. ఈ-కోలి బ్యాక్టీరియాను తప్ప మనుషుల జోలికి రాని ఎమ్‌ఎస్2 అనే వైరస్‌ను నెబ్యులైజర్‌తో, మీ అత్తగారికి పెట్టేలాంటి దానితోనే, మూసేసిన గదిలోకి తుంపరలుగా వదిలి, మెషిన్ ఆన్ చేసి, మధ్యమధ్యలో ఆ గాలిని ఒక ద్రవంలోకి లాగి నమూనా తీస్తారు. దాన్ని బ్యాక్టీరియాతో కలిపి పెట్రీ డిష్‌లో పోస్తే మర్నాటికి బ్యాక్టీరియా మసక పొరలా పెరుగుతుంది, బతికున్న వైరస్ పడినచోటల్లా ఆ పొరకి చిన్న చిన్న చిల్లులు పడతాయి. ఆ చిల్లులు లెక్కపెట్టడమే పరీక్ష.

అసలు కిటుకు ఇక్కడుంది. మెషిన్ ఆన్ చేయకపోయినా వైరస్ తగ్గుతుంది, కొంత కిందికి దిగిపోతుంది, కొంత దానంతటదే చస్తుంది. మెషిన్ లేకుండానే గంటలో వెయ్యికి 100 మిగిలి, మెషిన్ పెడితే 1 మిగిలిందనుకోండి. డబ్బా మీద 99.9 అని వేసుకుంటారు, కానీ మెషిన్ చేసింది 100ని 1కి దించడమే, అంటే 99 శాతం. చూడ్డానికి చిన్న తేడా, లెక్కలో పది రెట్లు.

ప్యూరిఫయర్లలో ఉండే హెపా ఫిల్టర్, అంటే సన్నని కణాల్ని పట్టే దట్టమైన పోగుల పొర, 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్క చెబుతుంది, కరోనా వైరస్ 0.1 మైక్రానే కదా, జారిపోదా అంటారు చాలామంది. జారిపోదు. 0.3 దగ్గరి సైజే ఫిల్టర్‌కి అన్నిటికన్నా కష్టం, అందుకే దానితో పరీక్షిస్తారు. ఇంకా చిన్నవి గాలి అణువులు తగిలి అడ్డదిడ్డంగా కొట్టుకుంటూ పోయి పోగులకి అంటుకుంటాయి. 2021లో కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆస్పత్రి కోవిడ్ వార్డులో ఒక వారం హెపా మెషిన్లు నడిపితే గాలిలో వైరస్ ఆనవాళ్లు దొరకలేదు, ఆపాక మళ్లీ దొరికాయి. పేషెంట్లున్న వార్డులో తేలిన మాట కాబట్టి నాకు దీనిమీదే నమ్మకం ఎక్కువ.

అందుకని షాపులో వైరస్ శాతం సంగతి వదిలేసి హెపా ఉందా, సీఏడీఆర్ (గంటకి ఎంత గాలిని శుభ్రం చేసి ఇస్తుందనే లెక్క) ఎంత అని అడగండి. ఇందాక చెప్పినంత గదికి, గంటకి 250 ఘనపు మీటర్లంటే గదిలో గాలంతటినీ గంటకి ఆరుసార్లు శుభ్రం చేసినట్టు. అదీ ఫుల్ స్పీడులో. చప్పుడు భరించలేక స్లీప్ మోడ్‌లో పెడితే ఆ లెక్క బాగా పడిపోతుంది. అయాన్, ఓజోన్ బటన్లుంటే ఆన్ చేయకండి, అయాన్ బటన్‌తో కూడా ఓజోన్ వాయువు రావచ్చు, ఆస్తమా ఉన్నవాళ్లకి ఓజోన్ అస్సలు పడదు. కాలిఫోర్నియాలో 0.050 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 0.050 పాలు) దాటి ఓజోన్ వదిలే ఎయిర్ క్లీనర్లను అమ్మనివ్వరు కూడా.

అన్నట్టు, జలుబు చేసినవాళ్లు ఆవిడ మంచం మీదే కూర్చుని కబుర్లు చెబితే ఏ మెషినూ ఆపలేదు. ఆ నాలుగు రోజులూ దూరంగా పడుకోమనండి, కుదరకపోతే మాస్కు పెట్టించండి.