మతం వల్లే రాజకీయాల్లో మర్యాద పోయిందా?

నా ఉద్దేశంలో మతం వల్ల కాదండి, మతాన్ని ఓట్లకి వాడుకోవడం వల్ల. మా విజయవాడలో ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి హిందువులు కూడా వెళ్ళి కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, దసరాకి మళ్ళీ కొండెక్కి దుర్గమ్మని చూసుకుంటారు, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఎలక్షన్లు వచ్చేసరికి అదే జనం వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకుంటారు. ఎందుకంటే రోడ్డు గురించో ఇంటిపన్ను గురించో గొడవైతే మధ్యలో ఎక్కడో రాజీ పడొచ్చు, మీ దేవుడా మా దేవుడా అన్నాక ఒక మెట్టు దిగినా సొంతవాళ్ళే ద్రోహి అంటారు, ఇంక ఎదుటివాడికి "గారు" ఎవరు పెడతారు చెప్పండి.

అలాగని అన్నీ మతం మీదకి నెట్టేయకండి. మన నాయకులు కులం ఎత్తి తిట్టడం, ఇంట్లో ఆడవాళ్ళని లాగడం, వీటికి ఏ దేవుడికీ సంబంధం లేదు, నాకు దీనిమీదే ఎక్కువ బాధ.

చట్టం అయితే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అక్రమం, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో చెప్పింది. కానీ ఆ కేసు 1990 నాటి మహారాష్ట్ర ఎన్నికది, తీర్పుకి పాతికేళ్ళు దాటిపోయింది! పైగా రిజల్ట్ వచ్చాక 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వేయాలి, రుజువులు మనమే చూపించాలి. అందుకే ఎన్నికల కోడ్ ఉన్నప్పుడే అలాంటి ప్రసంగం వింటే, ఫిర్యాదుల కోసం ఎన్నికల సంఘం పెట్టిన సీవిజిల్‌లోనే అక్కడికక్కడే వీడియో తీసి పంపేయండి.